ఆదివారం తీర్మానం

ఎర్రరాళ్లపాడు సర్పంచి అపర్ణ మొట్టమొదటిసారి హైకోర్టు గడప తొక్కింది, చిన్నప్పటి నుంచి తనతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న సలోమి పుణ్యమా అని.

ఎర్రరాళ్లపాడు గురజాల నుంచి పన్నెండు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. ఆరువందల ఇళ్ళు. అపర్ణ సర్పంచిగా గెలిచి రెండేళ్ళు దాటింది. భర్త జయకృష్ణకి గురజాలలో ఎరువుల కొట్టు. మొదట్లో పేరు ఈమెది, పెత్తనం ఆయనది అనుకున్నారంతా. ఆరు నెలలు తిరిగేసరికి మండలాఫీసులో జయకృష్ణని "సర్పంచిగారి హజ్బెండు" అని పిలవడం మొదలైంది. ఆయన ఆ పిలుపుకి లోలోపల మురిసిపోయేవాడు కూడా.

అపర్ణకున్న పిచ్చి ఒకటే, ఊరు అద్దంలా ఉండాలని. మిరపకాయల కాలం వచ్చిందంటే చాలు, బజార్ల నిండా తాలు కాయలు, చిరిగిన పట్టాలు, కాల్వల్లో ఖాళీ పురుగుమందు డబ్బాలు. పంచాయతీకి ఉన్న ఇద్దరు పారిశుధ్య కార్మికులు ఎంతని తియ్యగలరు? అలాంటి సమయంలో జిల్లాలో శుభ్రమైన పంచాయతీకి బహుమతి ఇస్తారని కబురొచ్చింది. అపర్ణకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి ఉపాయం తట్టింది. ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంటికొకరు చీపురో పారో పట్టుకుని రావాలి. ఆ రోజైతే బడి పిల్లలుంటారు, మాచర్లకీ నరసరావుపేటకీ ఉద్యోగాలకి పోయేవాళ్ళూ ఇంటి దగ్గరే ఉంటారు.

గ్రామసభలో ఈ మాట చెప్పగానే చప్పట్లు మోగాయి. వార్డు మెంబరు ఆదినారాయణ, అపర్ణకి వరసకి చినమామగారు, ఇంకో ముక్క కలిపాడు.

"రాకపోతే ఎట్టా? మూడు వారాలు రానోళ్ళ ఇంటికి పంచాయతీ నుంచి ఏ కాగితమూ ఇయ్యకూడదు. పేర్లు బోర్డు మీద రాయాల. అప్పుడు గానీ దారికి రారు."

చర్చి బజారు నుంచి వచ్చిన బాలశౌరి లేచి నిలబడ్డాడు. అరవై ఏళ్ళ తాపీమేస్త్రి. ఊళ్ళో సగం ఇళ్ళ గోడలు ఆయన చేతి మీద లేచినవే.

"అమ్మా, ఆదివారం ఏడింటికి మాకు పూజ ఉంటది. ఫాదరుగారు నాలుగు ఊళ్ళు తిరగాల. మన ఊరికి ఆ టైమొకటే. ఇంకో రోజు పెడితే అందరికన్నా ముందు మేమే వస్తాం."

"దేవుడు ఒక్క వారం ఆగడా ఏంది బాలశౌరీ?" అన్నాడు ఆదినారాయణ.

సభంతా గొల్లుమంది. అపర్ణ కూడా నవ్వింది. తర్వాత చేతులు లెక్కపెట్టారు. వచ్చిన రెండువందల మందిలో నూట డెబ్బై పైచిలుకు చేతులు లేచాయి. "ఎక్కువమంది ఏమంటే అదే గదా బాబాయ్" అని బాలశౌరికి సర్దిచెప్పి అపర్ణ తీర్మానం మీద సంతకం పెట్టింది.

మొదటి ఆదివారం పండగలా జరిగింది. సర్పంచే స్వయంగా చీపురు పట్టింది. ఫోన్లలో వీడియోలు తిరిగాయి. నాలుగో వారం దాటేసరికి పంచాయతీ ఆఫీసు ముందు నల్లబోర్డు మీద "శ్రమదానానికి రాని ఇళ్ళు" అన్న మాట కింద నలభై ఒక్క పేర్లు ఎక్కాయి. నలభై ఒకటీ చర్చి బజారువే. ఆ బజార్లో ఉన్నవే నలభై ఒక్క ఇళ్ళు.

అందులో పదిహేడో పేరు సలోమిది. సలోమి టైలరు. ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమె మిషను మీదే కుడుతుంది. కొలతల పుస్తకం తెరవకుండానే ఎవరి భుజం ఎంతో చెప్పగలదు. ఒకరోజు మధ్యాహ్నం మెళ్ళో టేపు తియ్యకుండానే అపర్ణ ఇంటికొచ్చింది.

"ఏమే అపర్ణా, బోర్డు మీద నా పేరు సాలోమి అని దీర్ఘం పెట్టి రాశారు."

"దిద్దిస్తాలే. దానికోసమే వచ్చావా?"

"కాదులే. మేం శనివారం సాయంత్రం ఎటూ చర్చి ఊడుస్తాం. దాంతోపాటే మా బజారూ, ముందున్న మెయిన్ రోడ్డూ కూడా ఊడ్చేస్తాం. మమ్మల్ని ఆ బోర్డు మీంచి తీసెయ్."

అపర్ణ కాసేపు ఆలోచించింది. "నీకిస్తే రేపు ఇంకోళ్ళు అడుగుతారే. సభలో తేలిపోయిన మాట. నేనొక్కదాన్నే ఎట్టా మారుస్తా?"

"ఆ సభలో మేం ఎంతమందిమి?"

"ఎంతమందైనా తలా ఒక చెయ్యేగా. ప్రజాస్వామ్యం అంటే అదే మరి."

సలోమి టేపు చుట్టుకుంటూ, "నీ వంకాయరంగు జాకెట్టు ఇంకా కటింగు కాలేదు. వచ్చే నెల ఇస్తా" అని చెప్పి వెళ్ళిపోయింది.

అంతటితో ఆగిపోయేదే. కానీ ఆ వారమే బాలశౌరి తన పాత రేకుల ఇల్లు పడగొట్టి స్లాబు వేసుకుందామని ప్లాను పట్టుకుని పంచాయతీకి వెళ్ళాడు. సెక్రటరీ బోర్డు వైపు చూసి కాగితం వెనక్కి ఇచ్చేశాడు. ఊరందరికీ ఇళ్ళు కట్టినవాడికి సొంత ఇల్లు కట్టుకోవడానికి కాగితం దొరకలేదు. మర్నాడు పొద్దున సలోమి మిషను మీద గుడ్డ కప్పి నరసరావుపేట బస్సెక్కింది. అక్కడ ఆమె పిన్ని కూతురు దీప్తి లాయరుగా పనిచేస్తోంది.

మూడు వారాలకి హైకోర్టు నుంచి పంచాయతీకి నోటీసు వచ్చింది. వాది పేరు చూసి అపర్ణ మంచం మీద కూలబడింది.

"నా మీద కేసేసిందండీ సలోమి! పదో క్లాసులో దానికి లెక్కలు చెప్పింది నేను."

"అందుకే లెక్క సరిగ్గా వేసినట్టుంది" అన్నాడు జయకృష్ణ. ఆ పూట ఆయనకి కూరలో ఉప్పు పడలేదు.

వాయిదా ముందురోజు సాయంత్రం అపర్ణ బీరువా ముందు నిలబడి దిగులు పడింది. కోర్టుకి కట్టుకుందామనుకున్న మంగళగిరి చీర ఉంది, దానికి జాకెట్టు లేదు. అది సలోమి దగ్గరుంది. కేసు వేసినదాని గుమ్మం ఎక్కి జాకెట్టు ఎట్లా అడుగుతుంది? అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడైంది. సలోమి. చేతిలో కవరు.

"చేతులు కొంచెం వదులు పెట్టా. వేసుకుని చూసుకో, ఏమన్నా ఉంటే ఇప్పుడే సరిచేస్తా."

అపర్ణ కవరు అందుకుని జాకెట్టు బయటికి తీసింది. "కేసేసినదానివి జాకెట్టెందుకు కుట్టావే?" అంది.

"కేసు తీర్మానం మీద. జాకెట్టు నీది" అంది సలోమి, అదేదో మామూలు సంగతన్నట్టు.

మర్నాడు హైకోర్టులో పొద్దుటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చోబెట్టారు. హాల్లో ఏసీ చలికి అపర్ణ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. అవతలి వరసలో సలోమి, బాలశౌరి. ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా ఉండడానికి ముగ్గురూ గోడ మీది గడియారాన్నే చూస్తూ గడిపారు. జడ్జీగారు యాభై దాటిన ఆవిడ. మెత్తగా మాట్లాడుతున్నారు గానీ ఏ కాగితమూ చదవకుండా పక్కన పెట్టడం లేదు.

పంచాయతీ తరఫు లాయరు లేచి, తీర్మానంలో ఏ మతం పేరూ లేదనీ, రూలు ఊరందరికీ ఒకటేననీ, పైగా భారీ మెజారిటీతో నెగ్గిందనీ చెప్పాడు. అపర్ణకి ప్రాణం లేచొచ్చినట్టయింది. తర్వాత దీప్తి లేచింది. ఎక్కువేమీ మాట్లాడలేదు. నల్లబోర్డు ఫోటో అందించింది. ప్రజల పని కోసం ఎవరినైనా శ్రమకి పిలవచ్చు గానీ, అందులో మతాన్ని బట్టి తేడా చూపకూడదని రాజ్యాంగంలోనే ఉందనీ, మతం పేరు రాయనంత మాత్రాన తేడా లేనట్టు కాదనీ అంది.

జడ్జీగారు ఆ ఫోటోలోని పేర్లన్నీ ఒక్కొక్కటే చదివారు. "సర్పంచిగారు వచ్చారా?"

అపర్ణ లేచింది.

"ఈ నలభై ఒక్కరూ బద్ధకస్తులా అమ్మా?"

"కాదండీ" అనేసింది అపర్ణ గబుక్కున. "మా బాలశౌరి బాబాయైతే నాలుగింటికే లేచి పనికి పోతాడు."

"మరి ఎందుకు రాలేదు?"

"ఏడింటికి వాళ్ళకి పూజండీ."

"ఆ సంగతి తీర్మానం చేసేటప్పుడు మీకు తెలుసా?"

పక్కన లాయరు దగ్గాడు. అపర్ణ ఆయన వైపు చూడలేదు. "తెలుసండీ. సభలో చెప్పారు."

జడ్జీగారు ఏదో రాసుకోబోతుంటే అపర్ణకి ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం వచ్చేసింది.

"అమ్మా, తప్పుగా అనుకోబాకండి. నాకు ఊరు ఓటేసింది. ఆ తీర్మానానికీ ఊరే చెయ్యెత్తింది. ఊరు చేసుకున్నదాన్ని ఇక్కడ కూర్చుని కొట్టేస్తే ఇంక మా ఓట్లెందుకండీ?"

జడ్జీగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ మొహంలో కోపం లేదు.

"మంచి ప్రశ్నే అడిగారు. నాకెవరూ ఓటు వెయ్యలేదు. అందుకే మీ ఊరు ఏ రోజు ఊడ్చుకోవాలో నేను చెప్పను. అది మీ పని. కానీ నలభై ఒక్క ఇళ్ళవాళ్ళు ఎన్నిసార్లు చేతులెత్తినా మీ ఊళ్ళో గెలవలేరు. ఓటుతో ఎప్పటికీ గెలవలేనివాళ్ళు ఎక్కడికి వెళ్ళాలమ్మా? వాళ్ళ ప్రార్థన సంగతి చేతులు లెక్కపెట్టి తేల్చకూడదని మనమందరం ముందే ఒప్పుకుని రాసుకున్నాం. ఊళ్ళో సభ మర్చిపోయినా, ఇంకా పెద్ద సభలు మర్చిపోయినా, గుర్తు చెయ్యడానికి ఒక చోటు ఉండాలి కదా."

తీర్పు చిన్నదే. శ్రమదానం మంచిపని, కొనసాగించుకోవచ్చు. పూజ వేళలో బలవంతం చెయ్యడం, కాగితాలు ఆపడం, బోర్డు మీద పేర్లు రాయడం చెల్లవు. రోజు సంగతి గ్రామసభ ఆ నలభై ఒక్క ఇళ్ళ మాట కూడా విని మళ్ళీ నిర్ణయించుకోవాలి.

బయటికొచ్చాక అపర్ణ నేరుగా వెళ్ళి జయకృష్ణ తెచ్చిన కారులో వెనక సీట్లో కూర్చుంది. మలుపు తిరిగాక చూస్తే రోడ్డు పక్కన బస్సు కోసం సలోమీ బాలశౌరీ నిలబడి ఉన్నారు. ఎండ ఇంకా చుర్రుమంటోంది. జయకృష్ణ భార్య మొహం వంక చూసి, అడక్కుండానే బ్రేకేశాడు.

"ఎక్కండి" అంది అపర్ణ అద్దం దించి. "ఈ టైములో బస్సులు నిండిపోయి వస్తాయి."

బాలశౌరి ముందు సీట్లో కూర్చున్నాడు. స్నేహితురాళ్ళిద్దరూ వెనక చెరో కిటికీకి అంటుకుపోయారు. సత్తెనపల్లిలో టీ కోసం ఆపితే జయకృష్ణే మొదలుపెట్టాడు.

"అసెంబ్లీలో చేసిన చట్టాలు కూడా ఇట్టాగే కొట్టేస్తారంట గదా."

"అదే నాకు మింగుడు పడంది" అంది అపర్ణ గ్లాసు పట్టుకుని. "నేను తప్పు చేస్తే వచ్చే ఎలక్షన్లో దించుతారు. ఆ జడ్జీగారు తప్పు చేస్తే ఎవరు దించుతారు?"

"పైన ఇంకో కోర్టుందిగా" అంది సలోమి. "అయినా వాళ్ళు తప్పే చెయ్యరని నేనన్నానా? కానీ నిన్ను దించాలంటే నాకేవే ఓట్లు? నూరేళ్ళు బతికినా మా బజారు ఓట్లతో నీ మీద గెలవలేను. మరి నేనెవరికి చెప్పుకోవాల?"

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్పాగదే. మెళ్ళో టేపుతో నీ ఇంటికొచ్చి చెప్పా."

అపర్ణ గ్లాసు వంక చూస్తూనే అంది.

"ఆ రోజు సభలో చినమావయ్య దేవుడు ఆగడా అన్నప్పుడు నేనూ నవ్వా."

"చూశా" అంది సలోమి. "పేరుకి దీర్ఘం పెట్టినందుకు నేను కోర్టుకి పోలేదు. నువ్వు నవ్వావని పోయా."

బాలశౌరి అటు తిరిగి జయకృష్ణతో సిమెంటు ధరల గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. అపర్ణ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "తప్పయిందే" అంది. సలోమి ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచి, "ఈ కుట్టు కొంచెం లాగినట్టుంది, రేపు పంపించు" అంది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. గురజాల చేరేదాకా పదో క్లాసు సంగతులే.

పదిరోజుల్లో మళ్ళీ గ్రామసభ పెట్టారు. ఈసారి కుర్చీలు చాల్లేదు. ఆదినారాయణ మొదటి వరసలో కండువా సర్దుకుని కూర్చున్నాడు.

"కోర్టోళ్ళు వచ్చి మన బజార్లు ఊడుస్తారా?" అన్నాడు.

"ఊడవరు మావయ్యా. ఊడ్చేది మనమే. ఏ రోజు పెట్టుకుందామో అది మనల్నే చెప్పమన్నారు. చెప్పండి."

సోమవారం అన్నారెవరో. సోమవారం తెల్లారకముందే మిరపకాయల టిక్కీ బస్తాలు గుంటూరు యార్డుకి పోవాలని రైతులు గోల చేశారు. మంగళవారం అంటే ఆంజనేయస్వామి భక్తులు ఒప్పుకోలేదు. బుధవారం డ్వాక్రా మీటింగులు. గురువారం సాయిబాబా గుడిలో భజన. శుక్రవారం ఆడవాళ్ళకి తలస్నానాలు, పూజలు. దూదేకుల మస్తాను లేచి తమకి జుమ్మా నమాజు ఉందన్నాడు.

"అయితే శనివారం పొద్దున" అంది అపర్ణ.

"శనివారం కుదరదు" అన్నాడు ఆదినారాయణ ఠక్కున. "పొద్దున నేను ఏడుకొండలవాడి పూజలో ఉంటా. పది దాకా లేవను."

బాలశౌరి మెల్లగా లేచి, మొహంలో నవ్వు రానియ్యకుండా అడిగాడు.

"దేవుడు ఒక్క వారం ఆగడా ఆదినారాయణగారూ?"

పందిరి ఎగిరిపోయేటంత నవ్వు. ఆదినారాయణ మొహం ఎర్రబడింది. చుట్టూ చూశాడు, నేల చూశాడు, చివరికి ఆయన భుజాలూ కదలడం మొదలైంది.

"ఆగడు బాలశౌరీ" అన్నాడు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ. "నా దేవుడూ ఆగడు, నీ దేవుడూ ఆగడు. రాయండమ్మా, ఎవరి బజారుకి కుదిరిన రోజు వాళ్ళు ఊడ్చుకుంటారని రాయండి. ఆ కాగితాలాపే ముక్క నాదే, దాన్ని కూడా కొట్టేయండి."

అలాగే రాశారు. బజారుకో రోజు. బోర్డు మీద పేర్లు సెక్రటరీ కాదు, సర్పంచే తడిగుడ్డ పెట్టి తుడిచింది.

ఇక ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. ఒక్కరోజు ఊరంతా కలిసి ఊడ్చినప్పుడు ఎవరు పనిచేశారో ఎవరు ఫోటో దిగి వెళ్ళిపోయారో తెలిసేది కాదు. ఇప్పుడు బజారుకీ బజారుకీ పోటీ మొదలైంది. చర్చి బజారువాళ్ళు శనివారం సాయంత్రం కాల్వ పూడిక తీసి రెండు పక్కలా సున్నం కొట్టారు. అది చూసి మస్తాను వాళ్ళ బజారు ఆడవాళ్ళు డబ్బాల్లో బంతి మొక్కలు నాటారు. అపర్ణ వాళ్ళ బజారు బుధవారం ఎంచుకుంది. మీటింగుకి ముందు గంటసేపు ఊడ్చుకుని, అట్నించటే డ్వాక్రా సంఘానికి పోయేవాళ్ళు. జిల్లా బహుమతి మాత్రం రాలేదు. వెల్దుర్తి వైపు ఊరికి వచ్చిందట. కబురు విని అపర్ణ ఒక పూటంతా ముభావంగా తిరిగి, మర్నాడు ఆ ఊరెలా ఉందో చూసొద్దామని సలోమిని వెంటబెట్టుకుని వెళ్ళింది. "కాల్వలు మనవే బాగున్నాయి" అని ఇద్దరూ తీర్మానించి తిరిగొచ్చారు.

ఎండాకాలం ముగిసేలోగా బాలశౌరి ఇంటికి స్లాబు పడింది. మిక్సర్ పొద్దున ఆరింటి నుంచి గురగురలాడింది. బాలశౌరి పైనెక్కి అందరి మీదా కేకలేస్తూ తిరిగాడు. ఆదినారాయణ గొడుగేసుకుని కింద నిలబడి, ఇనుము ఎక్కడ వంకర పోయిందో చూపిస్తూ మేస్త్రికే మేస్త్రిపని నేర్పబోయాడు. మధ్యాహ్నానికి వేపచెట్టు నీడన భోజనాలు. సలోమి వడ్డిస్తోంది. అపర్ణ మొదటి ముద్ద కలుపుతుండగా ఫోను మోగింది. జయకృష్ణ.

"మన బజారోళ్ళు ఊడ్చేది గురువారానికి మార్చుకుందామంటన్నారు. అందరూ ఒప్పుకున్నారంట. ఎదురింటి దేవమ్మ పెద్దమ్మా, చివరింటోళ్ళూ, రెండిళ్ళోళ్ళే కుదరదంటన్నారు. చేతులెత్తించేయమంటావా?"

"వద్దు, వద్దు. ఎవరూ చేతులెత్తబాకండి" అంది అపర్ణ. "ఆ రెండిళ్ళోళ్ళకి ఎందుకు కుదరదో ముందు నేనెళ్ళి కూర్చుని కనుక్కుంటా. వస్తన్నా."

లేవబోతే సలోమి గరిటె అడ్డం పెట్టింది.

"తిని పోవే. వాళ్ళెక్కడికీ పోరు."

అపర్ణ మళ్ళీ కూర్చుంది. సలోమి ఆమె విస్తట్లో ఇంకో గరిటె పప్పుచారు పోసింది.